చివరి బల్బుకు కరెంటు తక్కువా?

బోర్డు మీద ఒక బ్యాటరీ గీసి, దానికి వరసగా రెండు ఒకేరకం బల్బులు తగిలించి, ఏది ఎక్కువ వెలుగుతుందో చెప్పమన్నాను. కర్నూలులో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలతో ఫిజిక్స్ లెక్కలు చేయించేటప్పుడు నా మొదటిరోజు ప్రశ్న ఎప్పుడూ ఇదే. మైదుకూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న కుర్రాడు తడుముకోకుండా చెప్పాడు.

"ముందున్న బల్బే సార్. ఎనకదానికి తక్కువ పోతాది."

"ఎందుకప్పా?"

"ముందుది వాడుకుంటాది గదా సార్. మిగిలిందే గదా ఎనక్కి పొయ్యేది."

జవాబు తప్పు. రెండూ సమానంగా వెలుగుతాయి. కానీ ఆ తప్పు ఎక్కడ పుట్టిందో నాకు అర్థమైంది. వాళ్ల పొలం కేసీ (కర్నూలు-కడప) కాలువ చివరి ఆయకట్టులో ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలయ్యే ఆ కాలువ 300 కిలోమీటర్లకు పైగా నడిచి కడప వైపు చేరుతుంది. పైవాళ్లు మళ్లించుకోగా మిగిలిందే కిందివాళ్లకు. ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో విన్న గొడవ అదే కాబట్టి, వైరు కనబడగానే వాడు దాన్ని కాలువ అనుకున్నాడు. బ్యాటరీ పక్కనున్న బల్బు తూము దగ్గరి పొలం, అవతలి బల్బు చివరి పొలం.

కాలువ మొహం చూడని టౌను పిల్లలు కూడా ఇదే జవాబు చెబుతారు. అంతెందుకు, అమెరికాలో లిలియన్ మెక్‌డెర్మాట్, పీటర్ షాఫర్ అనే ఇద్దరు పరిశోధకులు యూనివర్సిటీ విద్యార్థులకు ఇలాంటి ప్రశ్నే ఇచ్చి 1992లో ఫలితాలు ప్రచురించారు. ఒకేరకం బ్యాటరీలు మూడు, ఒకేరకం బల్బులు ఐదు. ఒక బ్యాటరీకి ఒక్క బల్బు, ఇంకోదానికి శ్రేణిలో (ఒకదాని వెనక ఒకటిగా) రెండు, మూడోదానికి సమాంతరంగా (దారి చీల్చి, పాయకొకటిగా) రెండు. వెలుగును బట్టి ఐదింటినీ వరసలో పెట్టాలి. ఒంటరి బల్బూ, సమాంతరంగా ఉన్న రెండూ సమానం. శ్రేణిలో ఉన్న రెండూ వాటికన్నా మసక, వాటిలో అవి సమానం. ఈ జవాబు సరిగ్గా రాసినవాళ్లు సుమారు 15 శాతమే. పైగా వాళ్లంతా ఓమ్ నియమం (కరెంటు = వోల్టేజీ ÷ నిరోధం, నిరోధమంటే కరెంటుకు తగిలే అడ్డు) చదువుకుని వచ్చినవాళ్లే. సూత్రం తెలియక పోయిన మార్కులు కావు అవి.

మన దగ్గర దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. అది భాషది. కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు బిల్లు కట్టాలి, పాత ఫ్రిజ్జు కరెంటు తెగ తాగుతుంది, కరెంటు కొట్టింది, కరెంటోళ్లు వచ్చారు. ఒక్క మాటలో సరఫరా ఉంది, శక్తి ఉంది, వోల్టేజీ ఉంది, చివరికి ఆ డిపార్టుమెంటు కూడా ఉంది. మాటగా దానికి ఏ లోపమూ లేదు, అందరికీ అర్థమవుతూనే ఉంది. లెక్క దగ్గరికి వచ్చేసరికే ముంచుతుంది. పాఠ్యపుస్తకంలోని విద్యుత్ ప్రవాహం చాలా ఇరుకైన మాట. వైరును ఒకచోట అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే, ఆ కోత గుండా సెకనుకు ఎంత విద్యుదావేశం (చార్జి) దాటుతుందో అది మాత్రమే. 1 ఆంపియర్ అంటే సెకనుకు 1 కూలుంబ్, అంటే సుమారు 6.25 × 10¹⁸ ఎలక్ట్రాన్లు. బిల్లులో యూనిట్ అంటే కిలోవాట్ గంట. అది శక్తికి కొలత, కరెంటుకు కాదు. ఫ్రిజ్జు తాగేది శక్తిని. కరెంటు ఎంత లోపలికి వెళ్లిందో అంతా న్యూట్రల్ వైరులో బయటికి వచ్చేస్తుంది.

ఇది నమ్మబుద్ధి కాకపోతే ఇంట్లో మెయిన్ బోర్డు దగ్గర ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉందేమో చూడండి. ఫేజు వైరులో పోయే కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ అది ఎడతెగకుండా పోల్చి చూస్తుంటుంది. రెండింటికీ తేడా వచ్చిందంటే మధ్యలో ఎవరి ఒంట్లోంచో, తడి గోడలోంచో కొంత నేలకు దిగుతోందన్నమాట. ఇళ్లలో పెట్టే రకం, తేడా 30 మిల్లీ ఆంపియర్లు దాటేలోపే సరఫరా తెంపేస్తుంది. ఇంట్లోని సామాన్లు కరెంటును వాడేసుకునేవే అయితే ఫ్యాను వేసిన ప్రతిసారీ అది పడిపోయేది.

అయితే కాలువను పోలికగా పూర్తిగా పారేయమంటారా అని అడిగితే, సగం పారేయమంటాను. కాలువ రెండుగా చీలిన చోట వచ్చిన నీళ్లు ఎన్నో రెండు పాయల్లో కలిపి పోయేవి అన్నే. ఈ ముక్క సర్క్యూట్‌కు అచ్చంగా సరిపోతుంది. మొదలు, చివర అనే ముక్క మాత్రం సరిపోదు. సర్క్యూట్‌కు తూమూ లేదు, చివరి ఆయకట్టూ లేదు. నేను పిల్లలకు పిండి మిషను బెల్టును గుర్తుచేస్తాను. మోటరు చక్రం నుంచి రాళ్లు తిప్పే చక్రానికి పొడవాటి బెల్టు ఉంటుంది కదా. జొన్నలు నలిగేది అవతల, బెల్టును లాగేది ఇవతల. అవతలికి వెళ్లిన బెల్టు ఎంతో ఇవతలికి తిరిగొచ్చేదీ అంతే, జొన్నలు పిండైనందుకు బెల్టు ఒక్క అంగుళం కూడా తరగదు. రాళ్ల మధ్య బరువు పెరిగితే అక్కడొక్కచోటే నెమ్మదించదు, బెల్టు మొత్తం ఒక్కసారే నెమ్మదిస్తుంది. శ్రేణిలో ఒక నిరోధం పెంచినప్పుడు కూడా జరిగేది ఇదే.

గని, శకునాల అనే ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సౌర పార్కు ఉంది కదా, అక్కడ ఫలకాలను శ్రేణిలో వరసలుగా కలుపుతారు. వరసలో ఎక్కడో ఒక ఫలకం మీద నీడ పడితే, దానికి ముందున్నవి బాగున్నాయి, వెనకున్నవి బాగున్నాయి అనడానికి లేదు. మొత్తం వరస గుండా పోయేది ఒకే కరెంటు కాబట్టి నీడ పడ్డదే అన్నింటినీ వెనక్కి లాగుతుంది. దాన్ని పక్కనుంచి దాటిపోవడానికి ఫలకాలకు బైపాస్ డయోడ్లు పెడతారు.

ఎలక్ట్రాన్లు పరుగెత్తుకుంటూ బ్యాటరీ నుంచి బల్బుకు చేరతాయనుకోవడం కూడా ఈ కాలువ బుద్ధిలో భాగమే. అడ్డకోత వైశాల్యం 1 చదరపు మిల్లీమీటరు ఉన్న రాగి తీగలో 1 ఆంపియర్ పోతుంటే ఎలక్ట్రాన్లు సగటున ముందుకు జరిగేది సెకనుకు 0.07 మిల్లీమీటర్లు. మీటరు దూరానికి నాలుగు గంటలకు దగ్గర పడుతుంది. స్విచ్ వేయగానే బల్బు వెలగడానికి కారణం, తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉండడం, తోపు అందగానే అంతటా దాదాపు ఒకేసారి కదలడం.

ఇక అసలు లెక్క. 12 వోల్టుల బ్యాటరీ. మొదట 4 ఓమ్‌ల నిరోధం. ఆ తర్వాత దారి రెండుగా చీలి ఒకదానిలో 6 ఓమ్‌లు, రెండోదానిలో 3 ఓమ్‌లు, మళ్లీ కలిసి బ్యాటరీకి. మూడింటిలోనూ కరెంటు ఎంత?

ఎక్కువమంది చేసే తప్పు 12ను పట్టుకుని ఎదురైన ప్రతి నిరోధంతోనూ భాగించడం. 4 ఓమ్‌లలో 3 ఆంపియర్లు, 6 ఓమ్‌లలో 2, 3 ఓమ్‌లలో 4. ఇప్పుడు చీలిక దగ్గర నిలబడి చూడండి. వచ్చింది 3 ఆంపియర్లు, పోయింది 6. మిగతా 3 ఎవరిచ్చారు? వాళ్లు రాసింది ఓమ్ నియమమే, అందులో వోల్టేజీ ఎవరిదన్నదే పట్టించుకోలేదు. 12 వోల్టులు బ్యాటరీ రెండు కొసల మధ్య తేడా. నిరోధానికి వాడాల్సింది ఆ నిరోధం రెండు కొసల మధ్య తేడా. నన్నడిగితే సర్క్యూట్ లెక్కల్లో పోయే మార్కుల్లో సగం ఈ ఒక్క చోటే పోతాయి.

రెండో రకం పిల్లలు దారి రెండుగా చీలింది కాబట్టి చెరిసగం అంటారు. మూడో రకం, ఎక్కడో విన్న ‘కరెంటు సులువైన దారిలోనే పోతుంది’ అనే మాట పట్టుకుని మొత్తాన్నీ 3 ఓమ్‌లలోకే తోసేస్తారు. ఆ మాట నిజమైతే మన ఇంట్లో ఇస్త్రీపెట్టె పెట్టిన క్షణాన లైట్లన్నీ ఆరిపోవాలి.

సరైన దారి ఇది. 6, 3 ఓమ్‌లు సమాంతరంగా ఉన్నాయి, వాటి ఫలితం (6 × 3) ÷ (6 + 3) = 2 ఓమ్‌లు. దానికి 4 కలిపితే 6. మొత్తం కరెంటు 12 ÷ 6 = 2 ఆంపియర్లు. 4 ఓమ్‌ల మీద పడే వోల్టేజీ 8. మిగిలిన 4 వోల్టులు రెండు పాయలకూ ఒక్కటే. 6 ఓమ్‌లలో 4 ÷ 6 = 0.67 ఆంపియర్లు, 3 ఓమ్‌లలో 4 ÷ 3 = 1.33. రెండూ కలిపితే 2.

ఇంతవరకు చేసి పెన్ను మూసేస్తారు. నేను ఇంకొక ప్రశ్న వేస్తాను. 6 ఓమ్‌లను పీకేస్తే, దానికన్నా ముందున్న 4 ఓమ్‌లలో కరెంటు మారుతుందా? "మారదు సార్, అది ముందే దాటి వచ్చేసింది గదా" అంటారు. మళ్లీ కాలువే! చివర తూము మూస్తే పైన నీళ్లు తగ్గవు కదా అన్న లెక్క. కట్టి చూడండి. ఇప్పుడు మొత్తం 7 ఓమ్‌లు, కరెంటు 1.71 ఆంపియర్లు. 4 ఓమ్‌లలో 2 నుంచి 1.71కి తగ్గింది. 3 ఓమ్‌లలో 1.33 నుంచి 1.71కి పెరిగింది. ఎక్కడ చెయ్యి పెట్టినా సర్క్యూట్ మొత్తం మళ్లీ సర్దుకుంటుంది. అంటే పాత 2 ఆంపియర్లను కొత్త బొమ్మలో వాడడానికి లేదు, మొదటి నుంచీ లెక్క కట్టాల్సిందే.

బొమ్మ చూసి బెదిరిపోయే పిల్లలకు ఒక చిట్కా. నిరోధాల సంగతి తర్వాత, ముందు బిందువులకు పేర్లు పెట్టాలి. మధ్యలో నిరోధం లేకుండా ఉత్త వైరుతో కలిసినవన్నీ ఒకే బిందువు, వైరు ఎంత పొడవున్నా, ఎన్ని వంకరలు తిరిగినా. ఉదాహరణకు మూడు 6 ఓమ్‌ల నిరోధాలు ఒకే గీతలో ఉన్నాయి. గీత మీద నాలుగు బిందువులు, వరసగా క, ఖ, గ, ఘ. బ్యాటరీ క, ఘల మధ్య. క నుంచి గకు ఒక వైరు పైనుంచి దూకింది, ఖ నుంచి ఘకు ఇంకోటి కింద నుంచి దూకింది. చూడగానే అందరూ 18 ఓమ్‌లు అంటారు. కానీ క, గ ఒకటే. ఖ, ఘ ఒకటే. మొదటి నిరోధం క, ఖల మధ్య ఉంది. రెండోది ఖ, గల మధ్య అంటే మళ్లీ ఆ రెండింటి మధ్యే. మూడోదీ అంతే. మూడూ సమాంతరం, జవాబు 2 ఓమ్‌లు. శ్రేణి, సమాంతరం అనేవి కాగితం మీద గీసిన తీరు కాదు, ఏ బిందువుల మధ్య ఉన్నాయన్నదే లెక్క.

ఆమ్మీటరును శ్రేణిలో, వోల్టుమీటరును సమాంతరంగా ఎందుకు పెడతారో ఇక వేరే చెప్పనక్కర్లేదు. ఒకటి తన గుండా పోయేదాన్ని లెక్కపెడుతుంది, రెండోది రెండు బిందువుల మధ్య తేడా చూస్తుంది.

బ్యాటరీ గురించి కూడా ఒక అపోహ తీరాలి. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందని చాలామంది లోలోపల నమ్ముతారు. ఎంత కరెంటన్నది బ్యాటరీ ఒక్కటే తేల్చదు, తగిలించిన సర్క్యూట్ కూడా తేలుస్తుంది. ఆదర్శ బ్యాటరీ నిలిపి ఉంచేది వోల్టేజీని. నిజం బ్యాటరీ దాన్ని కూడా పూర్తిగా నిలపలేదు, లోపల దానికీ కొంత నిరోధం (అంతర్నిరోధం) ఉంటుంది. ఈ తిప్పలు ఓమ్ నియమం కనిపెట్టిన ఓమ్‌కు కూడా తప్పలేదు. ఆనాటి బ్యాటరీల బలం ఒక్కచోట నిలవకపోవడంతో ఆయన వాటిని పక్కన పెట్టి, రాగి, బిస్మత్ కలిపిన థర్మోకపుల్‌తో (రెండు లోహాల అతుకుల మధ్య వేడి తేడాతో వోల్టేజీ పుట్టించేది) ప్రయోగాలు చేశాడు. తన సిద్ధాంతాన్ని 1827లో పుస్తకంగా వేశాడు. ‘అంతర్నిరోధం ఎందుకు సార్, సిలబస్ పెంచడానికా’ అని విసుక్కునే పిల్లలకు ఈ సంగతి చెబుతుంటాను.

ఊళ్లో లైను చివరి ఇంటిది కూడా ఇదే లెక్క. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 వోల్టులు, ఆ ఇంటికి రానూపోనూ వైరు నిరోధం 2 ఓమ్‌లు అనుకుందాం. ఇంట్లో ఒక పాతకాలం 100 వాట్ల బల్బు, అంటే 529 ఓమ్‌లు. అదొక్కటే వెలుగుతుంటే దానికి 229 వోల్టులు అందుతాయి. ఇప్పుడు 46 ఓమ్‌ల హీటరు వేస్తే వైరులో కరెంటు 5.2 ఆంపియర్లకు చేరి, వైరే 10.4 వోల్టులు మింగుతుంది. బల్బుకు 219.6. అలాంటి రెండో హీటరు కూడా వేస్తే 211. బల్బు మసకబారింది హీటరు దాని కరెంటు లాక్కున్నందుకు కాదు, వైరు తన వాటా వోల్టేజీ పెంచుకున్నందుకు. లైను చివర ఉండడం వల్ల నష్టం నిజమే. మన కాలువ కుర్రాడి అనుమానంలో ఇంత నిజం ఉంది. కానీ ఆ నష్టం వోల్టేజీలో, కరెంటు తరిగిపోవడంలో కాదు.

రెండు బ్యాటరీలు వచ్చాయంటే శ్రేణి, సమాంతరం కుదించడం పనిచేయదు, కిర్కాఫ్ అనే శాస్త్రవేత్త నియమాలు కావాలి. ఆయన 1845లో ఈ నియమాలు రాసేనాటికి వయసు 21, ఇంకా విద్యార్థే. సంధి (దారులు కలిసే చోటు) దగ్గర వచ్చింది పోయింది సమానం, వలయం చుట్టి మొదటికొస్తే వోల్టేజీల మొత్తం సున్నా. నియమాలు సులువే, పిల్లలు భయపడేది గుర్తులకు.

12 వోల్టుల బ్యాటరీ, అంతర్నిరోధం 2 ఓమ్‌లు. 6 వోల్టుల బ్యాటరీ, అంతర్నిరోధం 1 ఓమ్. ధనాగ్రాలు రెండూ ఒక బిందువుకు, రుణాగ్రాలు ఇంకో బిందువుకు. ఆ రెండు బిందువుల మధ్య 6 ఓమ్‌ల నిరోధం. రెండు బ్యాటరీల నుంచీ కరెంటు బయటికే వస్తుందని బాణాలు వేసుకుందాం. పై బిందువు వోల్టేజీని ‘వ’ అనుకుంటే, (12 − వ) ÷ 2, (6 − వ) ÷ 1 రెండూ కలిసి వ ÷ 6కు సమానం కావాలి. ‘వ’ 7.2 వోల్టులు వస్తుంది. మొదటి బ్యాటరీ నుంచి 2.4 ఆంపియర్లు. నిరోధంలో 1.2. రెండో బ్యాటరీ నుంచి మైనస్ 1.2.

ఈ మైనస్ దగ్గర పిల్లలు కాగితం చింపి మళ్లీ మొదలుపెడతారు. చింపకండి! మైనస్ అంటే మనం వేసిన బాణం తిరగబడి ఉందని సర్క్యూట్ చెబుతోంది, అంతే. చిన్న బ్యాటరీ కరెంటు ఇవ్వడం లేదు, చార్జి అవుతోంది. కావాలంటే శక్తి లెక్క చూసుకోండి. పెద్ద బ్యాటరీ సెకనుకు ఇచ్చేది 12 × 2.4 = 28.8 జౌళ్లు. దాని లోపల వేడిగా పోయేది 11.52, చిన్నదాని లోపల 1.44, బయటి నిరోధంలో 8.64, చిన్న బ్యాటరీలో చార్జిగా చేరేది 7.2. కూడండి, సరిగ్గా 28.8. ఖర్చుల పద్దు రాయాల్సింది ఇక్కడ, శక్తి దగ్గర.

ఆ మైదుకూరు కుర్రాడు నెల తర్వాత ఒక ప్రశ్న తెచ్చాడు. కాలువ నీళ్లు అందని ఏడు వాళ్లకు బోరే దిక్కు. "వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గాల గదా సార్. మరి లో వోల్టేజీలో మోటరు ఎందుకు కాలిపోతాది?" నిజంగా మంచి ప్రశ్న. తగ్గితే చల్లగా ఉండాలి, కాలకూడదు.

మోటరు ఉత్త నిరోధం కాదు. తిరుగుతున్న మోటరు సరఫరాకు ఎదురుగా తనే కొంత వోల్టేజీ పుట్టిస్తుంది. చుట్టల్లోకి కరెంటు తోసేది ఆ రెండింటి మధ్య తేడా. ఆగి ఉన్న మోటరును స్టార్టు చేసేటప్పుడు ఎదురు వోల్టేజీ ఉండదు కాబట్టి కరెంటు మామూలుకన్నా ఐదారు రెట్లు లాగుతుంది, ఊళ్లో లైట్లు ఒక్క క్షణం కుంగేది అందుకే. బోరు మోటరు అదే లోతు నుంచి నీళ్లు ఎత్తాలి, పని పెద్దగా తగ్గదు. సరఫరా వోల్టేజీ పడిపోతే మోటరు కొంచెం వెనకబడుతుంది, ఎదురు తోపు తగ్గుతుంది, అదే పని చేయడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. చుట్టల్లో వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. కరెంటు 10 శాతం పెరిగితే వేడి 21 శాతం పెరుగుతుంది. అలా గంటలు గడిస్తే చుట్ట కాలిపోతుంది. ఓమ్ నియమం తప్పలేదు, దాన్ని పెట్టకూడని చోట పెట్టాం.

అంతా విని వాడు నవ్వాడు. "మా నాయన స్టార్టరు పెట్టె మీద ముల్లు 350 కింద ఉంటే మోటరు ఎయ్యడు సార్. ఎందుకు నాయనా అంటే, ‘కరెంటు తక్కువుంటే కరెంటు ఎక్కువ లాగుతాది రా’ అంటాడు. నాకు ఇన్నాళ్లూ అది పిచ్చిమాట లెక్కుండె."

నోటు పుస్తకం తీసుకుని ఆ వాక్యం అట్లనే రాసుకున్నాడు. రెండు ‘కరెంటు’ల కిందా గీత గీసి, మొదటిదాని కింద వోల్టులు అని, రెండోదాని కింద ఆంపియర్లు అని రాశాడు.